డెల్టా ఇంట్లో స్టీరియో స్టాండు: ఏ చెక్క, ఏ బండ, ఏ ఇనుము?

యాంప్లిఫయర్, సీడీ ప్లేయర్, రికార్డు ప్లేయర్ లాంటి పాటల సామాను పేర్చుకునే స్టాండు నాలుగు పనులు చేయాలి. బరువు మోయాలి. యంత్రాలకు గాలి ఆడనివ్వాలి. చెమ్మనూ పురుగునూ తట్టుకోవాలి. కింది నుంచి అదురు పైకి ఎక్కకుండా చూడాలి. వీటిలో ఏది ముందు, ఏది వెనక అన్నది ఇల్లు ఉన్న చోటును బట్టి ఉంటుంది. ఆడియో గురించి వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం చలిదేశాల్లో, చెక్క నేలలున్న ఇళ్ళలో పుట్టింది. అందుకే అవి అదురుకే పెద్దపీట వేస్తాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళలో ఆ వరస తిరగబడుతుంది. ఇక్కడ మొదటి శత్రువు చెమ్మ, రెండోది వేడి, ఆ తర్వాత చెదలు. అదురు చివరిది, అదీ రికార్డు ప్లేయర్ ఉన్న ఇంటికే. స్టాండుకు ఏ సామాను వాడాలో తేల్చుకోవడానికి ఈ వరస చాలావరకు సరిపోతుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు దిగుతాయి. ఉప్పుటేరు వాటిని సముద్రంలో కలుపుతుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు చుట్టూ చేపల చెరువులు, వాటి చుట్టూ వరిచేలు, వాటి మధ్య కాలువలు. వానాకాలమంతా తెల్లవారుజామున గాలిలో తేమ 80 శాతం దాటడం ఇక్కడ మామూలు. చెక్క ఆ తేమను ఊరికే వదలదు. గాలిలో తేమ 65 శాతం ఉంటే ఆరిన చెక్క తన పొడి బరువులో సుమారు 12 శాతం నీటిని నిలుపుకుంటుంది. 80 శాతం ఉంటే 16, 90 దాటితే 20 దాకా పోతుంది. ఎండాకాలంలో బిగించిన అడుగున్నర వెడల్పు టేకు పలక వానాకాలానికి అడ్డంగా రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు పెరగడానికి ఆ తేడా చాలు. పొడవు మాత్రం దాదాపు మారదు. అందుకే వెడల్పాటి కర్ర పలకను నాలుగు వైపులా మేకులతో, జిగురుతో కదలకుండా బంధిస్తే అది ఒక ఏడాదిలోనే బీట వేస్తుంది, లేదా అతుకు విడుస్తుంది.

## కర్ర

డెల్టాలో కలప అంటే అందరి నోటా ముందు వచ్చేది టేకే. ఆ పేరు ఊరికే రాలేదు. టేకు చేవలో ఉండే సహజమైన నూనెలు, రసాయనాలు చెదలనూ బూజునూ దూరంగా ఉంచుతాయి; తేమకు అది ఉబ్బేది కూడా మిగతా చాలా కర్రల కంటే తక్కువ. అయితే ఈ గుణాలన్నీ ముదురు రంగు చేవవి మాత్రమే. చుట్టూ ఉండే తెల్ల కలపకు చెద పట్టడానికి అడ్డేమీ లేదు. పొలం గట్ల మీద పెంచి పదిహేను, ఇరవై ఏళ్ళకే కొట్టిన టేకులో తెల్ల కలప పాలు ఎక్కువ. దాన్ని టేకు ధరకు కొనడం కంటే మంచి ప్లైవుడ్ కొనడం మేలు.

పాత ఇళ్ళ కలప ఈ ప్రాంతానికి ఒక వరం. గోదావరి జిల్లాల పాత మండువా ఇళ్ళలో ద్వారబంధాలకు, దూలాలకు బర్మా టేకు విరివిగా వాడారు. అలాంటి ఇల్లు విప్పినప్పుడు వచ్చే కర్ర దశాబ్దాలుగా ఇదే గాలిలో ఆరి ఉంటుంది. ఇక ముందు అది వంకర తిరిగే అవకాశం తక్కువ. కోతకు పంపే ముందు లోపల మేకులు లేవని అయస్కాంతంతో చూసుకోవాలి. దూలం చివర్లు, గోడలో ఉన్న భాగాలు పుచ్చి ఉంటాయి కాబట్టి వాటిని తీసేసి లెక్క కట్టుకోవాలి.

కొత్త కర్ర అయితే అది ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. అదే కర్రలోంచి ఒక చిన్న ముక్క కోయించి, వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద వారానికోసారి తూచాలి. బరువు తగ్గుతూ పోతున్నంత కాలం కర్ర పచ్చిదే. రెండు మూడు తూకాలు ఒకేలా వస్తే పని మొదలుపెట్టవచ్చు. వడ్రంగి తొందరపెట్టినా ఇక్కడ ఆగడం లాభం.

మామిడి చవక. నూజివీడు వైపు ముసలి తోటలు కొట్టినప్పుడల్లా పలకలు దొరుకుతాయి. గట్టితనానికి లోటు లేదు కాని గుల్లపురుగుకూ బూజుకూ మామిడి తేలిగ్గా లొంగుతుంది. మందు ఎక్కించని మామిడిని ఈ గాలిలో నమ్మకూడదు. ఒకప్పుడు బండిచక్రాలకు, నాగళ్ళకు వాడిన నల్లతుమ్మ చాలా బరువైనది, గట్టిది. కాళ్ళకు, అడ్డకర్రలకు బాగా నప్పుతుంది. వెడల్పు పలకలు మాత్రం దానిలో దొరకవు. వేప నయమే, అందులోనూ చేవ వరకే.

పనస సంగతి వేరు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనతో ఏలూరు జిల్లాలోకి వచ్చిన నూజివీడుకు మామిడితో పాటు వీణలకూ పేరుంది. పనస మొద్దును తొలిచి అక్కడి పనివాళ్ళు వీణ కుండ తీస్తారు. తీగ మీటితే కర్ర మొత్తం స్పందించి, ఆ నాదాన్ని పెంచి గాలిలోకి పంపాలి. పనస ఆ పని చక్కగా చేస్తుంది. స్టాండు చేయవలసింది సరిగ్గా దీనికి ఎదురు పని. దానికి సొంత గొంతు ఉండకూడదు. కాబట్టి సంగీత వాయిద్యాల కర్రతో స్టాండు చేస్తే పాట మధురంగా వినిపిస్తుందన్న అమ్మకపు మాటలకు ఆధారం లేదు. పలచగా తొలిచిన కుండ మోగుతుంది. అదే పనసను అంగుళమున్నర మందం దిమ్మెగా వాడితే మోగదు. నాదం విషయంలో కర్ర జాతి ఎంత ముఖ్యమో దాని మందం, ఆకారం అంతకంటే ముఖ్యం.

## పలకలు

ఇవాళ స్టాండుల్లో అధికభాగం కర్రవి కావు. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డువి. పెట్టెలో ముక్కలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే సామానులో ఎక్కువగా ఉండేది పార్టికల్ బోర్డు. పైన మెరిసే పొర, లోపల రంపపు పొట్టు. ఇల్లు కడిగిన నీళ్ళు కాళ్ళ కింద రెండుసార్లు నిలిచాయంటే కింది అంచు నీళ్ళలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బుతుంది. ఆరాక కూడా పూర్వపు మందానికి రాదు. స్క్రూ పట్టు పోతుంది, స్టాండు ఒక పక్కకు ఒరుగుతుంది. కొల్లేరు చుట్టుపక్కల దీన్ని కొనకపోవడమే మంచిది. ఎండీఎఫ్ నునుపుగా, మోత లేకుండా ఉంటుంది. స్పీకర్ డబ్బాలు దానితో చేసేది అందుకే. అయినా అంచులు నీరు తాగితే దాని గతీ అదే. ఏసీ ఉన్న మేడ మీది గదిలో, అన్ని అంచులూ రంగుతో మూసి వాడితే ఫరవాలేదు.

మిగిలింది ప్లైవుడ్. ఈ ప్రాంతానికి నప్పేది ఇదే. పలచని పొరలను ఒకదాని మీద ఒకటి నిలువుగా, అడ్డంగా మార్చి అతికిస్తారు కాబట్టి తేమకు అది ఏ వైపూ పెద్దగా పెరగదు. దుకాణంలో ఎంఆర్ గ్రేడు అంటే తేమను కొంతవరకే ఓర్చుకునే రకం. మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 అన్న భారత ప్రమాణం ఉంది. దాని జిగురు 72 గంటలు మరిగే నీళ్ళలో ఉన్నా విడిపోకూడదని ఆ ప్రమాణం చెబుతుంది. ముద్ర చూస్తే సరిపోదు, అంచు చూడాలి. పొరల మధ్య ఖాళీలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన పొరలు కనిపిస్తే ఆ షీటు వద్దనాలి. అనుమానం ఉంటే నాలుగంగుళాల ముక్క అడిగి తెచ్చుకుని, ఇంట్లో పాత గిన్నెలో కొన్ని గంటలు మరిగించి చూడవచ్చు. పొరలు విడిచే రకం అక్కడే బయటపడుతుంది.

పైన సన్‌మైకా అతికించేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. డబ్బు మిగులుతుందని కనిపించే వైపే అతికిస్తారు. అప్పుడు పై ముఖం తేమ పీల్చదు, కింది ముఖం పీలుస్తుంది. అర పడవలా వంగుతుంది. కింది వైపు కూడా చవక రకం పలచని లామినేట్ అతికించాలి, లేదా కనీసం రెండు పూతల వార్నిష్ వేయాలి. కోసిన అంచులకు టేకు బీడింగ్ కొట్టి, నేలకు ఆనే అంచుకు ముందే పెయింటు తాగించాలి. ఎవరికీ కనిపించదని వదిలేసే ఆ కింది అంచు నుంచే పాడవడం మొదలవుతుంది.

అర ఎంత పొడవుంటే ఎంత వంగుతుందో చూస్తే మందం విలువ తెలుస్తుంది. 18 ఎంఎం మందం, 40 సెంటీమీటర్ల లోతు ఉన్న ఎండీఎఫ్ అర రెండు చివర్లా ఆని ఉందనుకుందాం. ఆనికల మధ్య 60 సెంటీమీటర్లుండి, దాని మీద 20 కిలోలు సమంగా పరిస్తే మధ్యలో సుమారు ఒక మిల్లీమీటరు దిగుతుంది. అదే అరను 120 సెంటీమీటర్ల పొడవు చేసి, అదే చొప్పున 40 కిలోలు పెడితే దిగేది 15 మిల్లీమీటర్లు. పొడవు రెట్టింపైతే వంపు పదహారు రెట్లవుతుంది. కాలం గడిచేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. ప్లైవుడ్ అయితే ఈ వంపు సగం లోపే. 18 ఎంఎం బదులు 25 ఎంఎం వేస్తే వంపు మూడో వంతుకు కొంచెం పైన ఆగుతుంది. గోడంత పొడవు టీవీ యూనిట్ అరలు నాలుగేళ్ళకు నడుం వంచడానికి కారణం ఇదే. రెండడుగులకు మించి ఆనిక లేకుండా అర వేయకూడదు.

## బండ, ఇనుము, గాజు

కోస్తా ఇళ్ళలో గోడ అల్మరాలకు కడప బండ అరలు కొత్త కాదు. వంటింట్లో, పడగ్గదిలో, పుస్తకాల గూటిలో ఆ నల్లబండే. చెద పట్టదు, ఉబ్బదు, వంగదు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 20 ఎంఎం మందం ఉన్న బండ 15 కిలోలు తూగుతుంది. ఆ బరువే దానికి బలం, అదే ఇబ్బంది కూడా. గోడలోకి చొప్పించి కట్టిన అర అయితే బరువు సమస్యే కాదు. విడి స్టాండులో అలాంటివి నాలుగు పెడితే అరలే 60 కిలోలవుతాయి, ఇక దాన్ని జరపడం నలుగురి పని. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే గెలాక్సీ గ్రానైట్ ఇంకా బరువు. వేలి కణుపుతో తడితే గ్రానైట్ టంగుమంటుంది. కింద నాలుగు మూలలా రబ్బరు ముక్కలు పెట్టి తడితే ఆ మోత చాలావరకు చస్తుంది. స్టాండు మొత్తం బండతో చేయనక్కర్లేదు. వంటింటి గట్టుకు పరిచాక మిగిలిన ముక్క ఒకటి రికార్డు ప్లేయర్ కింద పీటగా పనికొస్తుంది.

రైసుమిల్లుల పని, వ్యవసాయ పనిముట్ల పని ఉన్న తాడేపల్లిగూడెం లాంటి ఊళ్ళో వెల్డింగ్ షాపులకు కొదవ లేదు. అంగుళం చదరపు ఇనుప పైపుతో చట్రం చేయించి, ప్లైవుడ్ అరలు వేసుకుంటే గట్టిగా, పొందికగా, నలువైపులా గాలి ఆడేలా స్టాండు తయారవుతుంది. తుప్పు విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. వెల్డింగ్ చేసిన అతుకుల మీద మసి గీకి, రెడాక్సైడ్ కొట్టాకే రంగు వేయాలి. పౌడర్ కోటింగ్ పైపు బయటి వైపునే కాపాడుతుంది. లోపల తుప్పు పట్టకుండా చివర్లు మూసేయాలి. స్టీలు అయితే 202 రకం కంటే 304 రకం తుప్పును బాగా ఆపుతుంది. ఖాళీ పైపు తడితే గంటలా మోగుతుంది. ఆ మోత పోవడానికి ఏటి ఇసుకను బాగా వేయించి, చల్లారాక పైపులో నింపి మూస్తారు. సముద్రపు ఇసుక మాత్రం పనికిరాదు, దానిలోని ఉప్పు పైపును లోపలి నుంచే తినేస్తుంది.

గాజు అరల గురించి చెప్పుకోవలసింది తక్కువ. టఫెన్డ్ గాజు 8 నుంచి 10 ఎంఎం ఉంటే బరువు మోస్తుంది, చెమ్మకు చెక్కుచెదరదు. కాని మోగుతుంది, దుమ్మును రెట్టింపు చేసి చూపిస్తుంది.

పెళ్ళిళ్ళకు, జాతరలకు సౌండు పెట్టేవాళ్ళ దగ్గర కనిపించే ఇనుప ర్యాకులు 19 అంగుళాల వెడల్పు కొలతవి. ఈ కొలత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నుంచి వచ్చింది. ఇంటి యాంప్లిఫయర్లు, ప్లేయర్లు సాధారణంగా 43, 44 సెంటీమీటర్ల వెడల్పుంటాయి, అంటే 17 అంగుళాల పైచిలుకు. వాటికి బోల్టు చెవులు ఉండవు. అరలు వేయించుకుంటే తప్ప ఆ ర్యాకు ఇంటికి ఉపయోగపడదు.

## వేడి, గాలి, పురుగు

పాత పద్ధతి యాంప్లిఫయర్ తీసుకున్న కరెంటులో సగమో, అంతకంటే ఎక్కువో వేడిగానే వదులుతుంది. క్లాస్ ఏ రకం ఇంకా ఎక్కువ. కొత్త క్లాస్ డి రకం మాత్రం చాలా చల్లగా పని చేస్తుంది. మే నెలలో బయట 42, 43 డిగ్రీలుండే ఈ ప్రాంతంలో ఇంట్లోనే ఉక్క. తలుపులు మూసిన అరలో యాంప్లిఫయర్ పైన గాలి 50 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకూ సుమారు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. కాబట్టి గాజు తలుపుల షోకేసు ఎంత అందంగా ఉన్నా యాంప్లిఫయర్‌ను అందులో బంధించకూడదు. పైన కనీసం మూడంగుళాలు, రెండు పక్కలా రెండేసి అంగుళాలు వదలాలి. వెనక వైపు పూర్తిగా తెరిచి ఉండాలి. నిండు పలకకు బదులు అంగుళం సందుతో టేకు రీపర్లు కొట్టి అర చేస్తే వేడి గాలి నేరుగా పైకి పోతుంది. ఇంతకంటే చవకైన, మంచి ఏర్పాటు లేదు.

వేడి అన్నివేళలా శత్రువు కాదు. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 35 డిగ్రీలకు వేడెక్కిస్తే అదే గాలిలో తేమ శాతం 60కి దిగుతుంది. ముసురు పట్టిన రోజుల్లో సామానును రోజుకో గంట ఆన్ చేసి ఉంచమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. ఏసీ గదిలో దీనికి ఎదురు చిక్కు ఉంది. అదే 30 డిగ్రీల, 80 శాతం గాలి 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ లోహానికి తగిలినా నీరుగా మారుతుంది. యాంప్లిఫయర్ రాత్రంతా 23 డిగ్రీల్లో ఉన్న గదిలో పొద్దున్నే కిటికీలు తెరిస్తే దాని లోపలి పలకల మీద కూడా సన్నగా చెమ్మ పడుతుంది. గది వేడికి సామాను సర్దుకునే దాకా, ఒక గంట ఆగి స్విచ్ వేయాలి.

వెనక తెరిచిన స్టాండులోకి బల్లులు దూరతాయి. వెచ్చదనం కోసం యాంప్లిఫయర్ రంధ్రాల్లోంచి లోపలికి వెళ్ళిన బల్లి సర్క్యూటు మీద పడితే రెండూ పోతాయి. స్టాండు వెనక స్టీలు దోమల జాలీని చట్రానికి బిగించి, తీసి పెట్టుకునేలా చేస్తే గాలి ఆడుతుంది, బల్లి ఆగుతుంది. నెలకోసారి జాలీకి పట్టిన దుమ్ము దులపకపోతే మాత్రం అదే గాలిని ఆపుతుంది. స్టాండును గోడకు నాలుగంగుళాలు దూరంగా ఉంచాలి. నల్లరేగడి మీద కట్టిన పాత ఇళ్ళలో చెమ్మ గోడ వెంట పైకి పాకి సున్నాన్ని ఉబ్బిస్తుంది. చెదల బారు కూడా ఆ గోడ వెంటే వస్తుంది. స్టాండు గోడకు తగలకుండా ఉంటే రెండూ ముందే కంటపడతాయి.

## రికార్డు ప్లేయర్ కోసం

సీడీ ప్లేయర్, స్ట్రీమర్, ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ అదురుకు చలించవు. వాటి కింద ఖరీదైన కోన్లు, ప్రత్యేక పీటలు పెట్టడం డబ్బు దండగ. రికార్డు ప్లేయర్ విషయం వేరు. సూది చదివేది గాడిలోని అతి సన్నని కదలికలను. మామూలు కార్ట్రిడ్జి ఇచ్చే వోల్టేజీ నాలుగైదు మిల్లీవోల్టులే. దాన్ని ఫోనో సర్క్యూటు వంద రెట్ల దాకా పెంచుతుంది. లోతైన మంద్ర స్వరాలను మరో పది రెట్లు. సూది దగ్గర చేరిన చిన్న అదురు కూడా స్పీకర్లలో హోరుగా బయటికొస్తుంది. స్పీకర్లను అదే స్టాండు మీద పెడితే ఆ హోరు మళ్ళీ సూదికి చేరి ఊళ పుడుతుంది. స్పీకర్లకు వేరే ఆసరా ఉండాలి; దీనికి మినహాయింపు లేదు.

కాళ్ళ అడుగుల అదురు ఆర్‌సీసీ స్లాబు, టైల్స్ ఉన్న ఇంట్లో తక్కువే. చెక్క మిద్దె ఉన్న పాత ఇంట్లో అయితే స్టాండు కంటే గోడకు బిగించిన అర నయం. అదురు ఆపే మెత్తలు ఎంత మెత్తగా ఉండాలో తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. బరువు పెట్టినప్పుడు మెత్త ఒక సెంటీమీటరు దిగితే దాని సహజ కంపనం సెకనుకు 5. ఒక మిల్లీమీటరే దిగితే 16. ఆ సంఖ్యకు ఒకటిన్నర రెట్లు దాటాకే మెత్త అదురును ఆపడం మొదలుపెడుతుంది. అంటే గట్టి రబ్బరు బిళ్ళలు 23, 24 కంటే కింద ఏమీ చేయవు. ప్లేయర్ జారకుండా పట్టుకోవడం వరకే వాటి పని. నిజంగా పని చేసే చవక ఏర్పాటు చిన్నపిల్లల సైకిల్ ట్యూబు. దాన్ని పలక మీద గుండ్రంగా పరిచి, కొద్దిగా మాత్రమే గాలి కొట్టి, పైన గ్రానైట్ ముక్క, దాని మీద ప్లేయర్ పెట్టాలి. స్పిరిట్ లెవెల్ పెట్టి నీటి మట్టం చూసుకోవాలి. గాలి తగ్గుతుంటుంది కాబట్టి అప్పుడప్పుడు మళ్ళీ చూడాలి.

## ఒక్క షీటులో ఒక స్టాండు

ఎనిమిదడుగులు, నాలుగడుగుల ప్లైవుడ్ షీటు ఒకటి, 18 ఎంఎం మందంలో తీసుకుంటే దానిలోంచి మొత్తం స్టాండు తీయవచ్చు. షీటును పొడవునా 18 అంగుళాల పట్టీలు రెండు, 12 అంగుళాల పట్టీ ఒకటిగా కోయించాలి. మొదటి పట్టీలోంచి 24 అంగుళాల ముక్కలు నాలుగు, అవి అరలు. రెండో పట్టీలోంచి 36 అంగుళాల నిలువు పలకలు రెండు, మిగిలిన 24 అంగుళాల ముక్కలోంచి రికార్డుల మధ్య నిలిపే అడ్డు. రంపం వాటాకు ప్రతి కోతలో మూడు మిల్లీమీటర్లు పోతాయి, దానికి తగ్గట్టు కొలతలు సర్దుకోవాలి. ఈ విధంగా కోస్తే పై పొర రేఖలు అరల పొడవు వెంట నడుస్తాయి. అర బలంగా ఉండేది అప్పుడే. సన్న పట్టీలోంచి కింది పీఠం, వెనక అడ్డంగా కొట్టే నాలుగంగుళాల బద్దలు వస్తాయి. ఆ బద్దలు లేకపోతే స్టాండు పక్కకు ఊగుతుంది.

నేల నుంచి 100 మిల్లీమీటర్లు వదిలి మొదటి అర. దాని పైన రికార్డులకు 340, సీడీ ప్లేయర్ లేదా స్ట్రీమర్‌కు 170, యాంప్లిఫయర్‌కు 230. రికార్డు ప్లేయర్ లేని ఇంట్లో యాంప్లిఫయర్‌ను పైఅరలోనే ఉంచాలి, వేడి తేలిగ్గా పోతుంది. రికార్డు ప్లేయర్ పైన ఉంటే ఆ రెండు అరలను తారుమారు చేయాలి. లేకపోతే యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ కార్ట్రిడ్జికి దగ్గరై హమ్ మొదలవుతుంది. ప్లేయర్ మూత పూర్తిగా తెరుచుకోవడానికి పైన అడుగున్నర ఖాళీ కావాలి.

కింది అరలో సుమారు 150 ఎల్పీలు పడతాయి. అడుగు మేర నిలబెట్టిన రికార్డులు 16 నుంచి 20 కిలోలుంటాయి కాబట్టి ఆ అర మీద 30 నుంచి 38 కిలోల బరువు పడుతుంది. అంత బరువు కింద ఉంటే స్టాండు స్థిరంగా ఉంటుంది. మధ్య అడ్డు రికార్డులను నిలువుగా ఉంచడమే కాక పై అరకు ఆనిక అవుతుంది.

కొల్లేరు లంక గ్రామాల్లో ఈ ఏర్పాటు మారాలి. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు వరద దిగువకు వచ్చి చేరింది కొల్లేరులోకే. కొల్లేటికోట, గుడివాకలంక లాంటి చోట్ల నీరు ఇంటి మెట్ల దాకా రావడం ఊహించలేనిది కాదు. అక్కడ కింది అరలో రికార్డులు పెట్టకూడదు; తడిసిన అట్టలు ఒకదానికొకటి అతుక్కుని, బూజు పట్టి, ఇక తిరిగి రావు. పీఠం బదులు అడుగున్నర ఎత్తు స్టీలు కాళ్ళు వేయించుకోవాలి, లేదా గోడలో నడుం ఎత్తున కడప బండ అరలు కట్టించుకోవాలి. ఇల్లు కట్టుకునేటప్పుడే ఈ రెండో పని చేయించుకుంటే ఇక స్టాండు కొనే అవసరమే రాదు. ఎక్కడైనా సరే, ప్లగ్గుల బోర్డును నేల మీద పడేయకుండా స్టాండు వెనక రెండడుగుల ఎత్తున స్క్రూలతో బిగించాలి. దానికి సరైన ఎర్త్ ఉండాలి. ఇన్వర్టరు, స్టెబిలైజరు లాంటి బరువైన ట్రాన్స్‌ఫార్మర్ సామానుకు ఈ స్టాండులో చోటివ్వకూడదు.

ఏలూరు ఉన్ని తివాచీకి ఈ గదిలో పని ఉంది, స్టాండు కింద మాత్రం కాదు. టైల్స్ నేల మీద నుంచి తిరిగి లేచే ధ్వనిని స్పీకర్లకూ వినేవాళ్ళకూ మధ్య పరిచిన మందపాటి తివాచీ బాగా తగ్గిస్తుంది. స్టాండు కింద వేస్తే చెమ్మను పట్టి ఉంచుతుంది, కాళ్ళు ఊగుతాయి.

ఏటా జూన్ మొదట్లో, తొలకరికి ముందు, స్టాండును ఖాళీ చేసి ముందుకు జరపాలి. వెనక గోడ వెంట చెదల మట్టిబారు ఉందేమో చూడాలి. అతుకుల స్క్రూలు బిగించాలి. కింది అంచుల్లో రంగు లేచిన చోట మళ్ళీ పూయాలి, ఇనుము అయితే తుప్పు గీకి రెడాక్సైడ్ తాకించాలి. రికార్డుల అట్టలను ఒక పూట నీడలో గాలికి ఉంచి, చెమ్మ పీల్చడానికి అరలో ఉంచిన సిలికా జెల్ సంచులను వేడి చేసి ఆరబెట్టి తిరిగి పెట్టాలి.